లదేణి: ఈ పేరు ఎందుకు పెట్టుకున్నాం

(సంచిక ఆవిష్కరణ సభలో సంపాదకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంచిక ముఖచిత్రం వాట్సాప్‌లో పెట్టిన రోజు నుంచి మాకు వస్తున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, లదేణి అంటే ఏంటి?" బయటివాళ్లు అడిగితే మాకు వింత లేదు. అడిగినవాళ్లలో ఎక్కువమంది మన పిల్లలే. ఇంట్లో గోర్ బోలి మాట్లాడేవాళ్లు, తీజ్‌కు తండాకు వచ్చేవాళ్లు, పెళ్లిలో నంగారా మోగితే కాలు ఆగనివాళ్లు. వాళ్లకు కూడా ఈ మాట తెలియలేదు. ఇద్దరు ముగ్గురైతే అచ్చుతప్పు అనుకుని "లడ్డూనా, లేడీనా, సరిచేయండి" అని మెసేజ్ పెట్టారు. నవ్వుకున్నాం. ఆ తర్వాత ఈ సభలో అన్నిటికంటే ముందు పేరు గురించే చెప్పాలని నిర్ణయించుకున్నాం.

పేరు ఊరికే కుదరలేదు. కూర్చున్న మొదటి రోజు జ్యోతి, దీపిక, వాణి, వెలుగు అన్నీ బల్ల మీదికి వచ్చాయి. చెడ్డ పేర్లు కావు. కానీ ఏ సంఘం సంచికకైనా సరిపోతాయి, మనది అని చెప్పవు. ఒక పెద్దాయన "లదేణి అని పెడితే?" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాలోనే ఒకరు గట్టిగా కాదన్నారు. ఆయన మాట ఇది: "ఎడ్ల మీద మూటలు వేసుకుని తిరిగిన రోజులు మళ్లీ ఎందుకు గుర్తు చేయడం? పిల్లలు డాక్టర్లు అవుతున్నారు, ఇంజనీర్లు అవుతున్నారు. మనం మూటల దగ్గరే ఉన్నామని లోకానికి చెప్పుకోవాలా?" ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేదు. ఈ ప్రసంగం సగం ఆయనకు జవాబే.

ముందు మాట అర్థం. "లాద్" అంటే బరువు ఎక్కించడం. హిందీలో "లాద్‌నా" అనేది ఇదే. ఎద్దు మీద సరుకు ఎక్కించి, ఊరూరా దింపుతూ, అక్కడి సరుకు మళ్లీ ఎక్కించుకుంటూ సాగే వర్తకం మొత్తానికి పేరు లదేణి. చివర "ణి" అని నాలుక మడిచి పలకాలి, "ని" కాదు. ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలతో కొడితే ఈ ణకారం పోతుంది. తెలుగు లిపిలో రాస్తే నిలుస్తుంది. తెలుగు నేల మీద స్థిరపడ్డందుకు మన భాషకు దక్కిన లాభాల్లో ఇదొకటి: మన ణ, మన ళ రాసుకోవడానికి అక్షరాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో ఈ పనికి దగ్గరగా ఉండే మాట పెరిక. ఎద్దు వీపున రెండు పక్కలా వేలాడే జంట సంచిని పెరిక అనేవారు. ఆ ఎద్దు పెరికెద్దు. పెరిక కులంవారి పేరు కూడా ఆ సంచి నుంచి వచ్చిందే. అంటే ఈ పని మనవాళ్లు ఒక్కరే చేయలేదు. కాకపోతే ఇల్లూవాకిలీ, ఆలుబిడ్డలు, పెళ్లీచావూ అన్నీ ఆ దారి మీదే పెట్టుకుని నడిచినవాళ్లం మనం.

బండి ఉండగా ఎద్దు వీపు మీద ఎందుకు వేశారు అని పిల్లలు అడుగుతారు. బండికి బాట కావాలి. వాగు దాటాలంటే రేవు కావాలి. కొండ ఎక్కాలంటే ఘాట్ రోడ్డు కావాలి. ఎద్దుకు కాలిబాట చాలు. అడవిలో దూరుతుంది, కనుమ ఎక్కుతుంది, నడుస్తూ దారి పక్క గడ్డి మేస్తుంది. మేతకు విడిగా ఖర్చు లేదు. లదేణి గుట్టు అంతా ఇక్కడే ఉంది. సరుకు మెల్లగా కదులుతుంది కానీ కిరాయి దాదాపు పడదు. అందుకే ఉప్పు, ధాన్యం లాంటి చవకైన, బరువైన సరుకును వందల మైళ్లు తీసుకెళ్లి అమ్మినా నాలుగు డబ్బులు మిగిలేవి. పట్టు, ముత్యాలు ఎవరైనా మోస్తారు. ఉప్పు మోసి లాభం తీయడం అందరి వల్లా కాదు.

వానాకాలంలో గడ్డి, నీళ్లు ఉన్న చోట తాండో దిగేది. ఎడ్లు బలం పుంజుకునేవి. వానలు వెనకబట్టాక మళ్లీ బయలుదేరేవారు. రోజుకు ఎంత నడిచేవారు? 1632లో ఆగ్రా నుంచి పట్నా వెళ్తున్న పీటర్ మండీ అనే ఇంగ్లిషు వర్తకుడు దారిలో ఒక తాండాను చూసి రాసిపెట్టాడు. 14,000 ఎడ్లు, అన్నిటి మీదా ధాన్యం. రోజుకు ఆరేడు మైళ్లకు మించి తోలరని, భార్యాబిడ్డలు వెంటే ఉంటారని, ఎడ్లు వాళ్ల సొంతమని రాశాడు. "సొంతం" అన్న ఆ ఒక్క మాట దగ్గర మేము చాలాసేపు ఆగాం. మళ్లీ అక్కడికి వస్తాం.

అదే శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వజ్రాల వ్యాపారానికి వచ్చిన టావెర్నియే, గోల్కొండ దాకా తిరిగినవాడు, పది పన్నెండు వేల ఎడ్ల గుంపులను చూశానన్నాడు. అలాంటి గుంపు ఎదురైతే దారి ఖాళీ అయ్యేదాకా బండిలో వెళ్లేవాడు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ట్రాఫిక్ జామ్ మనకు కొత్తేమీ కాదన్నమాట. ఈ జనంలో నాలుగు తెగలు ఉన్నాయనీ, ఒకరు గోధుమ లాంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తారనీ, ఒకరి సరుకు ఇంకొకరు ముట్టరనీ రాశాడు. బయటివాడు విన్నది రాశాడు కాబట్టి అక్షరం అక్షరం నమ్మనక్కర్లేదు. కానీ సరుకు పంచుకునే కట్టుబాటు ఏదో ఒకటి ఉందని తెలుస్తోంది.

మన వైపు సంగతి చెప్పాలంటే, కోరమాండల్ తీరంలో ఉప్పుమడుల నుంచి ఉప్పు ఎత్తుకుని నాగపూర్, బేరార్ వైపు వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పత్తి మచిలీపట్నం వైపు నేతగాళ్లకు చేరేది. ఒట్టి ఎద్దుతో తిరిగి రావడం లదేణి కాదు. పోయేటప్పుడు ఒక బరువు, వచ్చేటప్పుడు ఒక బరువు. ఇటు కోస్తా నేతగాడి మగ్గం, అటు నాగపూర్ వైపు వంటింటి ఉప్పు, రెండూ ఒకే ఎద్దు నడక మీద ఆధారపడ్డాయి.

యుద్ధాల సంగతి కూడా దాచక్కర్లేదు. ఔరంగజేబు తండ్రి షాజహాన్ కాలంలో ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు సైన్యానికి తిండి అందించింది భంగీ, ఝంగీ నాయక్‌ల తాండా అని మన పెద్దలు చెబుతారు. వాళ్లకు 1,80,000 ఎడ్లు, వాళ్లతో పోటీపడిన భగవాన్‌దాస్ వడ్త్యాకు 52,000 ఎడ్లు ఉండేవని కథ. ఎడ్లకు నీళ్లూ మేతా ఇబ్బంది కాకుండా, కుండలో నీళ్లయినా, చివరికి ఇంటి కప్పు మీది గడ్డయినా తీసుకోవచ్చని ఆసఫ్ ఖాన్ రాగిరేకు మీద రాయించి ఇచ్చాడంటారు. ఈ కథను కంబర్లెజ్ అనే ఆంగ్ల అధికారి 1882లో వచ్చిన తన చిన్న పుస్తకంలో ఎక్కించాడు. లెక్కలు పాటల్లో పెరిగి ఉండవచ్చు. మాకు లెక్క ముఖ్యం కాదు. రాజు రేకు రాయించి ఇచ్చింది కూలీకి కాదు, తనకు అవసరమైన వర్తకుడికి.

1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం చేర్చినవాళ్లలోనూ మన తాండాలు ఉన్నాయి. ఇంగ్లిషువాళ్ల కాగితాల్లో మనల్ని "బ్రింజారీలు" అని రాశారు. దీన్ని చెప్పుకుని గర్వపడాలా, సిగ్గుపడాలా అని ఒక తమ్ముడు అడిగాడు. మా అభిప్రాయం రెండూ అక్కర్లేదని. తాండా ఏ రాజు పక్షమూ కాదు. రెండు సైన్యాల మధ్య నుంచి నడిచినా ఎవరూ చేయి వేయరన్న నమ్మకం మీదే ఆ వ్యాపారం నిలిచింది. తిండి తెచ్చేవాణ్ణి కొడితే రేపు తమకు తిండి రాదని ఇద్దరికీ తెలుసు.

సేవాభాయా కూడా ఈ దారి మనిషే. 1739 ఫిబ్రవరి 15న అనంతపురం వైపు గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలో, ఇప్పుడు మనం సేవాగడ్ అంటున్న చోట పుట్టారు. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మిణి. భీమా నాయక్ ఎడ్లు, సరుకు ఉన్న లదేణి నాయక్. సేవాలాల్ మహారాజ్ గురించి మనం పాడుకునే కథల్లో ఎడ్లు, దారులు, మజిలీలు ఎందుకు అన్నిసార్లు వస్తాయో ఇప్పుడు పిల్లలకు అర్థమవుతుంది. పుట్టింది తెలుగు సీమలో, సమాధి మహారాష్ట్రలోని పోహ్రాగడ్‌లో. ఆ రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే అది పటం మీద ఒక లదేణి దారిలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు "సొంతం" అన్న మాట దగ్గరికి వస్తాం. మూటలు మోసిన రోజులు అని బాధపడిన మా మిత్రుడికి చెప్పింది ఇదే. మూట ఎవరిది? ఎద్దు ఎవరిది? ఏ ఊళ్లో ఏ ధర ఉందో, ఏ వాగు ఎప్పుడు దాటవచ్చో, ఏ సంతలో ఎవరికి అప్పు ఇవ్వవచ్చో అన్న లెక్క ఎవరి తలలో ఉంది? అన్నీ మనవే. ఇవాళ మన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల కింద ఇటుకలు మోస్తున్నారు. ఆ ఇటుక మనది కాదు, ఆ లారీ మనది కాదు, ఆ ఇల్లు మనది కాదు. మోయడంలో తక్కువతనం లేదు. తేడా అంతా ఎవరి సరుకు మోస్తున్నాం అన్నదాంట్లో ఉంది. లదేణి అన్న మాట పోయాక ఆ తేడా చెప్పడానికి మన దగ్గర వేరే మాట లేకుండా పోయింది. "మీ తాతలు ఏం చేసేవారు" అని బళ్లో అడిగితే మన పిల్లవాడు "తిరిగేవారు సార్" అంటున్నాడు. తిరగలేదు నాయనా. వెళ్లారు, వచ్చారు. ఎక్కడికి వెళ్తున్నారో తెలిసే వెళ్లారు.

ఈ మాట ఎలా పోయిందో అందరికీ కొంత తెలుసు కాబట్టి త్వరగా చెబుతాం. బాటలు పడ్డాయి, బండ్లు పెరిగాయి. ఉప్పు మీద సర్కారు పన్ను, కట్టడి బిగిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. వెయ్యి ఎడ్లు నెలంతా మోసేది గూడ్సు బండి ఒక్క రాత్రిలో దింపేస్తే తాండా ఏం చేస్తుంది? కొందరు పశువులు పెంచి అమ్మారు, కొందరు అడవి నరికి సాగుకు దిగారు. అదే కాలంలో 1871 నేరస్త జాతుల చట్టం వచ్చింది. దేశంలో కొన్ని చోట్ల మనవాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. ఒక జాతిలో పుట్టడమే నేరం అన్న చట్టం అది. 1952 ఆగస్టు 31న గానీ అది పోలేదు. నిజాం రాజ్యంలో ఈ మార్పు ఎలా జరిగిందో ఆచార్య భంగ్యా భుక్యా 2010లో వచ్చిన "సబ్జుగేటెడ్ నోమాడ్స్" పుస్తకంలో వివరంగా రాశారు. చదివే అలవాటు ఉన్న పిల్లలు తప్పక చదవాలి. మేము చెప్పదలచింది ఒక్కటే: ముందు పని పోయింది, తర్వాత పేరు చెడింది. నిన్నటి దాకా "సరుకు తెచ్చేవాడు" అయినవాడు, సరుకు లేకుండా అదే దారిలో కనిపించేసరికి "అనుమానితుడు" అయ్యాడు. మనిషి మారలేదు. వీపు మీద గోణి లేదంతే.

ఇంకో మాట సంగతి చెప్పకుండా ఉండలేం. తాండో. ఇప్పుడు తెలుగులో తండా అంటే లంబాడీలు ఉండే చిన్న ఊరు. రెవెన్యూ కాగితాల్లో, బస్సు బోర్డుల మీద అదే అర్థం. అసలు తాండో అంటే నడిచే గుంపు. మనుషులు, ఎడ్లు, సరుకు, కుక్కలు అన్నీ కలిపి తాండో. అందుకే తాండాకు స్థలం పేరు ఉండదు, నాయక్ పేరే ఉంటుంది. నేల మారుతుంది, నాయక్ మారడు. దిగి స్థిరపడ్డాక ఆ రోజు నాయక్ ఎవరైతే ఆయన పేరే ఊరికి ఉండిపోయింది. తెలంగాణలో 2018లో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలు అయ్యాయి. మా తండాలో మా సర్పంచ్ అన్న సంతోషం మాకూ ఉంది, దానికోసం ఎన్నేళ్లు అడిగామో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. కానీ నడిచేదానికి పెట్టిన పేరు నిలిచినదానికి స్థిరపడిందన్న సంగతి పంచాయతీ బోర్డు మీద ఎవరూ రాయరు. అది మనమే పిల్లలకు చెప్పుకోవాలి.

బయటివాళ్లు మనకు పెట్టిన పేర్లు చాలా. లంబాడీ, సుగాలి, బంజారా, లమాణి. లంబాడీ అన్నది లవణం నుంచి వచ్చిందని ఒకరు, కాదని ఇంకొకరు. బంజారా అన్నది వాణిజ్యం నుంచి వచ్చిందని కొందరు, వనచరుల నుంచి వచ్చిందని కొందరు. వాణిజ్యమే సబబుగా ఉందని మాకు తోస్తుంది, లదేణి చేసినవాళ్లం కాబట్టి. మనం మనల్ని పిలుచుకునేది మాత్రం గోర్. మనం గోర్, బయటివారు కోర్. పాలిచ్చిన తల్లిని యాడి అంటాం. ఈ రెండు మాటలకు ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు.

అయితే ధ్రువపత్రాల లోకంలో పరిస్థితి వేరు. 2011 జనాభా లెక్కల్లో మన మాతృభాష రెండు పేర్లతో రెండు చోట్ల కనిపిస్తుంది. లమాణి, లంబాడీ అన్న పేరు కింద 32 లక్షల పైచిలుకు. బంజారీ అన్న పేరు కింద 15 లక్షల పైచిలుకు. రెండూ హిందీ అన్న పెద్ద గంప కిందే చేర్చారు. తండాలో పుట్టి, హిందీ సినిమా తప్ప హిందీ ముఖం చూడని మన అవ్వ కూడా ఆ పట్టికలో హిందీ మనిషే. ఎనిమిదో షెడ్యూల్‌లో గోర్ బోలి లేదు. మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో, ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాం. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు, కానీ చదివి వినిపిస్తే అందరికీ అర్థమవుతుంది. అందుకే ఈ సంచికలో పాటలన్నిటికీ గొంతు కూడా పెట్టాం. వేలు పెట్టి నొక్కితే వినిపిస్తుంది. యవత్మాల్‌లో ఉన్న మన బంధువు, విజయపురలో ఉన్న మన బంధువు కూడా వినగలరు. లదేణి చేసిన దారులే ఇవి. ఎడ్ల బదులు ఫోన్లు నడుస్తున్నాయి.

ఈ గోణిలో ఏం ఎక్కించామో కొంచెం చెబుతాం. పెళ్లికూతురు ఎద్దు మీద నిలబడి పాడే హవేలి పాటలు నాలుగు తండాల నుంచి సేకరించాం. అత్తారింటికి పోయే ఆడపిల్ల ఎద్దు ఎక్కి ఎందుకు ఏడుస్తుందో, ఎద్దు పోయిన ఈ కాలంలో మంచం ఎక్కి ఎందుకు పాడుతున్నారో అందులో రాశాం. దీపావళికి ఆడపిల్లలు దీపం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి చెప్పే మేరా గురించి ఒక వ్యాసం ఉంది. తీజ్‌కు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పద్ధతి తండాకో తీరుగా ఉంది, వాటి ఫొటోలు పెట్టాం. అద్దాలు కుట్టిన కొత్‌ళి సంచుల కుట్టు ఇంకా తెలిసిన అవ్వలు ముగ్గురు చెప్పగా రాసుకున్నది ఉంది. ఆ కుట్టు చూసి మాకు ఒక ఆలోచన వచ్చింది. దారి మీద బతికిన ఇల్లాలికి గోడ లేదు, ముగ్గు వేసుకోవడానికి వాకిలి లేదు. ఉన్న అందమంతా సంచి మీద, ఒంటి మీది పేటియా మీద, కాంచళి మీద కుట్టుకుంది.

గోణి ఇంకా నిండలేదు. లదేణి సామగ్రికి మన భాషలో ఉన్న మాటలు మాకు దొరికినవి తక్కువ. ఎద్దు వీపు మీద గోణి కింద వేసే మెత్తను ఏమనేవారు? రెండు సంచులను కలిపి బిగించే తాడును? ముందు నడిచే ఎద్దు మెడలో గంటను? రాత్రి దిగిన మజిలీని? సరుకు తూచిన కొలతను? ఒక్కో తండాలో ఒక్కో మాట చెబుతున్నారు, కొన్నిచోట్ల "ఏదో అనేవారు, నోట్లోకి రావడం లేదు" అంటున్నారు. ఇంట్లో ఎనభై దాటిన తాత, అవ్వ ఉన్నవాళ్లు ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఈ అయిదూ అడగండి. ఫోన్లో వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి, మీరు సరిదిద్దవద్దు. తండా పేరు, మండలం పేరు చెప్పి మాకు పంపండి. వచ్చే సంచికలో మాట పక్కన చెప్పినవారి తండా పేరు వేస్తాం. అటకల మీద పాత గోణి ముక్క ఉన్నా, ఎద్దు గంట ఉన్నా పారేయవద్దు, ముందు ఫొటో తీయండి.

పేరు వద్దన్న మా మిత్రుడు చివరికి ఒప్పుకున్నారా అని అడుగుతారేమో. పూర్తిగా ఒప్పుకోలేదు. "పేరు మీరు పెట్టండి, కానీ పిల్లల ఉద్యోగాల పేజీ మాత్రం ముందు ఉండాలి" అన్నారు. అది ఆరో పేజీలో ఉంది. చూడండి.

జై సేవాలాల్.